మార్లవాయే సొంతూరు

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయి రాజగోండుల ఊరు. అక్కడ పక్కపక్కనే రెండు సమాధులున్నాయి. ఒకటి బెట్టి ఎలిజబెత్‌ది. రెండోది ఆమె భర్త, మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. ఆయన 1909లో వియన్నాలో పుట్టారు. ఆమె ఇంగ్లిషు వనిత. 1938లో వాళ్ల పెళ్లయింది. ఆ మరుసటి ఏడాది మొదలైన ప్రయాణం నల్లమల ఎండు అడవుల నుంచి పాపికొండల పచ్చని లోయల మీదుగా ఆదిలాబాద్ టేకు గుట్టలకు చేరింది. ఆ తర్వాత లండన్, నేపాల్, ఈశాన్య సరిహద్దు కొండలు ఎన్ని తిరిగినా చివరకు ఇద్దరూ వచ్చి చేరింది మార్లవాయికే.

యుద్ధం మళ్లించిన దారి

1939లో దంపతులు భారతదేశానికి వచ్చేటప్పటికి వాళ్ల మనసంతా నాగా కొండల మీదే ఉంది. క్రిస్టాఫ్ 1936-37లో అక్కడ కొన్యాక్ నాగాల మధ్య గడిపి వెళ్లారు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. ఆస్ట్రియాను అంతకుముందే జర్మనీ కలిపేసుకుంది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. సరిహద్దు కొండలకు వెళ్లే వీలు లేకపోయింది. నిజాం రాజ్యంలో ఉండటానికి మాత్రం అనుమతి దొరికింది. అప్పట్లో అక్కడి రెవెన్యూ వ్యవహారాలు చూస్తున్న థియోడర్ టాస్కర్ అండగా నిలిచారు. ఆ రాజ్యం ఎల్లలే దంపతుల ఎల్లలయ్యాయి. ఎల్లల లోపల అడవికి కొదవ లేదు.

మొదటి మజిలీ అమ్రాబాద్ పీఠభూమిలోని పెంటలనే చెంచుల గూడేలు. వేసవిలో ఆకు రాలి బోసిపోయే అడవి అది. తవ్వుకోల పట్టుకుని గడ్డలు తవ్వుకుని, ఇప్పపువ్వు ఏరుకుని బతికే మనుషుల మధ్య దంపతులు కాపురం పెట్టారు. చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వెలువడింది. రెండో మజిలీ గోదావరి ఒడ్డున, పాపికొండల్లో. పేరంటపల్లి చుట్టుపక్కల కొండరెడ్ల పోడు చేలు, జీలుగు చెట్లు, వెదురు నరికించే కాంట్రాక్టర్ల పెత్తనం అన్నీ వాళ్ల నోటుపుస్తకాల్లోకి ఎక్కాయి. నీళ్లు కరువైన పీఠభూమి ఒకటి, నీళ్లలో నానే లోయ మరొకటి. రెండింటికీ అలవాటు పడ్డాకే ఆదిలాబాద్ వంతు వచ్చింది.

ఆదిలాబాద్ గోండులు చెంచుల్లా ఏరుకు తినేవాళ్లు కారు, నాగలి కట్టి జొన్న పండించే రైతులు. వాళ్లకు సొంత రాజుల చరిత్ర ఉంది, సగలనే నాలుగు వంశవర్గాల కట్టు ఉంది, కులదైవం పెర్సాపేన్ కొలువు ఉంది. పూర్వుల కథలను కికిరి వాయిస్తూ పాడి వినిపించే పర్ధానులు ఉన్నారు. దీపావళికి ముందు గుస్సాడి నెమలి పింఛాల టోపీలతో దండారి నాట్య బృందాలు ఊరూరా తిరుగుతాయి. ఆ రోజుల్లో గుట్టల మీది చాలా ఊళ్లకు మోటారు దారి లేదు. ఎడ్లబండి, గుర్రం, కాళ్లు మాత్రమే దిక్కు. దంపతులు మార్లవాయిలో గుడిసె వేసుకుని ఆ దారుల్లోనే తిరిగారు.

అట్ట మీద రెండో పేరు

హైమన్‌డార్ఫ్ పేరు ఉత్తర తెలంగాణలో చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. బెట్టి ఎలిజబెత్ పేరు మాత్రం చాలాచోట్ల ‘ఆయన సతీమణి’ అన్న దగ్గరే ఆగిపోతుంది. ఇది సరైన లెక్క కాదు. దాన్ని సరిదిద్దే పత్రం ఎక్కడో దస్తావేజుల గదిలో లేదు, వాళ్ల పుస్తకాల మొదటి పేజీలోనే ఉంది.

1945లో వచ్చిన కొండరెడ్ల పుస్తకం మొదటి పేజీలో రచయితగా క్రిస్టాఫ్ పేరు వేసి, కింద ‘ఎలిజబెత్ సహకారంతో’ అని అచ్చువేశారు. 1948లో లండన్‌లో మాక్మిలన్ ప్రచురించిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’లోనూ అదే మాట. గోండుల పురాణాలు, క్రతువుల మీద ఈనాటికీ అందరూ ముందుగా తెరిచే పుస్తకం ఇది. మూడు దశాబ్దాల తర్వాత, 1979లో గోండుల మీదే వచ్చిన మరో పుస్తకంలో ‘సహకారం’ పోయింది. ఇద్దరి పేర్లూ రచయితలుగానే పక్కపక్కన నిలిచాయి. ఒకే తెగ మీద, ఒకే దంపతులు రాసిన రెండు పుస్తకాల నడుమ జరిగిన ఈ మార్పును చిన్న విషయమని వదిలేయడానికి లేదు. పొలంగట్టు మీద, పెళ్లిపందిట్లో, గుడిసె అరుగు మీద కూర్చుని ఏళ్ల తరబడి చూసి రాసుకున్న పని ఇద్దరిదీ అని అట్ట మీదే ఒప్పుకోవడం అది. ఆడవాళ్లు ఉండే చోట పరాయి మగవాడికి దొరికే సమాచారం ఎప్పుడూ సగమే. మిగతా సగం తోడుగా ఒక మనిషి ఉంటేనే తెలుస్తుంది. ఆ కాలపు మానవశాస్త్ర గ్రంథాల్లో చాలావాటికి లేని నిండుదనం ఈ పుస్తకాలకు రావడంలో ఆమె వంతు పెద్దదని నమ్మవచ్చు.

ఆమె ఒక్కరి పేరుతో వచ్చిన పని కూడా ఉంది. దక్షిణాసియా ప్రజల మీద వెలువడిన మానవశాస్త్ర రచనలన్నింటినీ వెతికి, ప్రాంతాల వారీగా వర్గీకరించి ఆమె గ్రంథసూచి తయారుచేశారు. 1958, 1964, 1970లలో మూడు సంపుటాలుగా అది అచ్చయింది. ఇప్పటిలా మీట నొక్కితే జాబితా వచ్చే కాలం కాదు. ప్రతి శీర్షికనూ చేత్తో రాసి పేర్చాల్సిందే. తర్వాతి తరం పరిశోధకులు ఆ పనిని ఆసరా చేసుకునే ముందుకు నడిచారు.

నాలుగు నివేదికలు, ఒక బడి

చరిత్ర క్లుప్తంగా ఇది. అడవిని రిజర్వు చేస్తూ గీసిన గీతలు గోండుల చేలను మింగేశాయి, మైదానం నుంచి వచ్చిన షావుకార్లు పట్టాలు చేయించుకున్నారు, 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటుకు నాయకుడైన కుమురం భీం నేలకొరిగాడు. ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు కలిగింది, ఆ పనిని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. హైమన్‌డార్ఫ్ రాసిన నాలుగు నివేదికలు 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో వెలువడ్డాయి. బస్తర్ మాడియాల మీద గ్రంథం రాసిన డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ ముందుమాట రాశారు. ఆ దశాబ్దం ముగిసేలోగా ఆదిలాబాద్ జిల్లాలో 11 వేల మందికి పైగా ఆదివాసీ రైతులకు దాదాపు 1,60,000 ఎకరాలు దక్కాయి.

భూమి కన్నా ముందే చదువు మొదలైంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం తెరిచారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చువేశారు. పిల్లలకు మొదటి అక్షరాలు వాళ్ల ఇంటి భాషలోనే నేర్పాలన్నది అక్కడి పద్ధతి. 80 ఏళ్లు గడిచాక కూడా మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి వాదించాల్సి వస్తున్న రాష్ట్రంలో, మార్లవాయి అనుభవాన్ని పాఠ్యప్రణాళిక రాసేవాళ్లు ముందు చదవాలి.

తిరిగి వచ్చారు

1949లో హైమన్‌డార్ఫ్ లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో చేరారు. 1976లో పదవీ విరమణ అయ్యాక దంపతులు మళ్లీ ఆదిలాబాద్ గుట్టల బాట పట్టారు. అప్పటికి దారులు మారాయి, బస్సులు వచ్చాయి. బస్సుల వెంట భూమి కొనేవాళ్లూ వచ్చారు. గిరిజన భూముల బదిలీని అడ్డుకునే 1959 నిబంధన, దాన్ని బిగించిన 1970 సవరణ కాగితం మీద ఉన్నాయి. పట్టాలిచ్చిన భూములు మాత్రం చాలాచోట్ల చేతులు మారిపోయాయి. ఈ పతనాన్ని హైమన్‌డార్ఫ్ 1982 నాటి ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’లో ఊరూ పేరూ చెప్పి రాశారు. దానికి ముందటి ఏడాది, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. హైమన్‌డార్ఫ్‌ను ఆరాధించే సభల్లో భూమి పంచిన కథే వినిపిస్తుంది. ఆ భూమి పోయిన కథ కూడా ఆయనే రాశారని గుర్తు పెట్టుకోవడం ఆయనకు చేసే అసలైన గౌరవం.

1987 జనవరి 11న బెట్టి ఎలిజబెత్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. 300 కిలోమీటర్లకు పైగా దూరంలోని మార్లవాయిలో ఆమెకు సమాధి కట్టారు. క్రిస్టాఫ్ 1995 జూన్ 11న లండన్‌లో మరణించారు. ఆయన చితాభస్మం 2012లో మార్లవాయి చేరింది. గోండు సంప్రదాయంలో ఆమె పక్కనే ఉంచారు.

బాక్స్: మిగతా మజిలీలు

నిజాం రాజ్యంలో ఉన్న కాలంలోనే, 1944-45లో దంపతులు ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లోని సుబన్‌సిరి లోయకు వెళ్లి ఆపాతానీ తెగవారి మధ్య ఉన్నారు. 1953 నుంచి నేపాల్ వాళ్లకు మరో క్షేత్రమైంది. 1964లో షెర్పాల మీద పుస్తకం వచ్చింది. క్రిస్టాఫ్ ఆత్మకథ 1990లో వెలువడింది.

బాక్స్: నస్పూర్ నుంచి మార్లవాయికి

మంచిర్యాల పక్కనున్న నస్పూర్ నుంచి రెండు దారులున్నాయి. ఒకటి మంచిర్యాల, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా జైనూరు. ఇది కవ్వాల్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. రెండోది మందమర్రి, బెల్లంపల్లి, ఆసిఫాబాద్, కెరమెరి ఘాటు మీదుగా జైనూరు. ఈ దారిన వెళితే జోడేఘాట్‌లో కుమురం భీం స్మారకం, మ్యూజియం కూడా చూడవచ్చు. మార్లవాయిలో దంపతుల వర్ధంతి ఏటా జనవరి 11న జరుగుతుంది. వెళ్లేవాళ్లు అక్కడ ఇద్దరి పేర్లూ తలచుకోండి.