అరటితొక్క నలుపు, కంపవాతము

గౌతమీ గోదావరి ఒడ్డునున్న రావులపాలెము అరటిగెలల వ్యాపారమునకు పేరు పొందినది. గెలలను దించునప్పుడు తొక్కకు దెబ్బ తగిలినచో కొంతసేపటికి అచ్చట నల్లని మచ్చ ఏర్పడును. ఈ సామాన్య విషయమునకును, వృద్ధుల చేతులను వణికించు కంపవాతమునకును ఒక రసాయనిక సంబంధము కలదు. 1817లో జేమ్సు పార్కిన్‌సన్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించిన వ్యాధియే ఇది.

అరటితొక్కలో డోపమిన్ అను పదార్థము హెచ్చుగా నుండును. కణము చెడనంతవరకు డోపమిన్ ఒక అరలోను, దానిని మార్చు ఎంజైము వేరొక అరలోను ఉండును. దెబ్బకు అరల గోడలు చినిగి రెండును కలియగా, గాలిలోని ఆమ్లజనితో డోపమిన్ ఆక్సీకరణము చెంది తుదకు నల్లని రంగుగా మారును.

మన మెదడులోను డోపమిన్ కలదు. మాంసకృత్తులనుండి లభించు టైరోసిన్ అను ఎమినో ఆమ్లము నాడీకణములలో మొదట ఎల్-డోపాగాను, పిమ్మట డోపమిన్‌గాను మారును. దీనిని తయారుచేయు కణములు మధ్యమెదడులో ఒక నల్లని ప్రదేశమున నుండి మన కదలికలను క్రమపరచును. ఆ నలుపు కూడ ఏండ్ల తరబడి డోపమిన్ ఆక్సీకరణము చెందుటవలన కలిగినదే. కంపవాతమున నశించునవి ముఖ్యముగా ఈ కణములే.

డోపమిన్ విచ్ఛిన్నమగునప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టును. అది ఇనుముతో కలిసినచో కణపు పొరలను చెరచు తీవ్ర పదార్థములు ఏర్పడును. వీనిని అణచు కావలివాడు గ్లూటాథయోన్. గ్లుటామిక్ ఆమ్లము, సిస్టీన్, గ్లైసీన్ అను మూడు ఎమినో ఆమ్లముల కూర్పు ఇది. సిస్టీన్‌లోని గంధకమే దాని బలము. కంపవాత రోగుల మెదడులో ఆ నల్లని ప్రదేశముననే గ్లూటాథయోన్ తగ్గియుండుట కనుగొనబడినది. హాని హెచ్చి కాపలా తగ్గిన ఈ స్థితినే ఆక్సీకరణపు ఒత్తిడి అందురు. కణనాశమునకు ఇది ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

అట్లయిన అరటిపండ్లు తిన్నచో రోగము కుదురునా? కుదురదు. డోపమిన్ రక్తమునుండి మెదడులోనికి చొరలేదు. ఎల్-డోపా మాత్రము ఎమినో ఆమ్లము గనుక, ఎమినో ఆమ్లములకున్న ద్వారముగుండ లోనికి పోగలదు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి గార్లు దూలగొండి గింజలనుండి దీనిని వేరుచేసిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ దీనిని హెచ్చు మోతాదులో నోటిద్వారా ఇచ్చి రోగులకు మేలు కలుగునని చూపెను. నేటికిని ఇదియే ప్రధానమైన మందు. పప్పు, గ్రుడ్లు, మాంసములలోని ఎమినో ఆమ్లములు అదే ద్వారమున దీనితో పోటీపడును. అందుచేతనే కొందరు రోగులను వైద్యులు మందును భోజనమునకు ముందుగా తీసికొనుమందురు. దూలగొండి పొడిలో మందు పాళ్లు ఒక్కరీతిగా నుండవు. వైద్యుని సలహా లేక దానిని వాడుట ప్రమాదకరము.

కోసిన అరటిముక్కపై నిమ్మరసము పిండినచో నలుపు ఆలస్యమగును. ఈ ప్రయోగమును ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చూపవచ్చును. కాని మెదడు విషయము అంత సులభము కాదు. ఆక్సీకరణమును అడ్డగించు విటమిన్ 'ఇ'ని సుమారు 800 మంది రోగులు పాల్గొన్న పరిశోధనలో పరీక్షించిరి; 1993లో వెలువడిన ఫలితములనుబట్టి అది వ్యాధిని నిలుపలేదు. ఎల్-డోపా లోటును పూరించును గాని కణములను కాపాడదు. కావలివానికి బలము చేకూర్చు ఉపాయము ఇంకను దొరకవలసియున్నది.