గ్యాస్ అయిపోలేదు, కారిపోయింది

ఎండాకాలం రాగానే మార్కాపురం, గిద్దలూరుల్లో కార్ల ఏసీ షెడ్డుకు వెళ్తే వినిపించే మాట: "గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి." ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. చిన్న కారులో అర కిలో గ్యాసే కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్ మధ్య ద్రవమై, ఆవిరై తిరుగుతుంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కాస్త ఇగరడం మామూలే. ఏటేటా నింపించాల్సి వస్తే మాత్రం లీకే.

ముందు చూడాల్సింది రేడియేటర్ ముందుండే కండెన్సర్ని. లారీ టైర్ల కింద ఎగిరిన కంకర తగిలేది దానికే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, చిల్లు పడ్డచోట జిడ్డు మరక మిగులుతుంది. పలకల గనుల వైపు తిరిగే బండికి బూడిదరంగు దుమ్ము ఎలాగూ పడుతుంది. అది దులిపినా రాలకుండా అంటుకున్న చోట అనుమానించాలి. గొట్టాల జాయింట్లు, ఓ-రింగులు, గ్యాస్ ఎక్కించే వాల్వులు, కంప్రెసర్ సీలు ఆ తర్వాత.

ఏసీ గొట్టాల్లోంచి గాలి లాగేసి చూసి "వాక్యూమ్ నిలబడింది, లీకు లేదు" అని మెకానిక్ అంటే నేనైతే ఒప్పుకోను. వాక్యూమ్‌లో లోపలికీ బయటికీ తేడా 15 పీఎస్‌ఐ లోపే. మండుటెండలో ఏసీ నడిచేటప్పుడు కండెన్సర్‌లో 200 దాటుతుంది. అప్పుడు తెరుచుకునే సన్న చీలిక వాక్యూమ్‌కు దొరక్కపోవచ్చు. వాక్యూమ్ అసలు పని తేమను లాగేయడం. లీకు పట్టాలంటే రెగ్యులేటర్‌తో పొడి నైట్రోజన్ ఎక్కించి, గేజీ ముల్లు దిగుతుందేమో చూసి, జాయింట్లకు సబ్బునురుగు పూయాలి. టైర్ల షాపు గాలి మాత్రం వద్దు. అందులో తేమ ఉంటుంది. పైగా కార్ల ఏసీల్లో వాడే ఆర్-134ఏ గ్యాస్ ఒత్తిడిలో గాలితో కలిస్తే మండే ప్రమాదముంది.

నురుగుకూ దొరకని లీకుకు రంగుద్రవం ఎక్కించి, కొన్నాళ్లు నడిపాక అతినీలలోహిత దీపంతో వెతుకుతారు. లీకు డిటెక్టర్ ఉంటే దాన్ని జాయింటు కింద పెట్టాలి, ఈ గ్యాస్ గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ కంటికి కనిపించదు. ఏసీ నీళ్లు కారే గొట్టం దగ్గర డిటెక్టర్ మోగితే ఆ కాయిల్‌నే అనుమానించాలి. అదే అయితే డాష్‌బోర్డంతా విప్పక తప్పదు.

ఆర్-134ఏ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,300 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అర కిలో కారిపోతే దాదాపు 280 లీటర్ల పెట్రోలు కాల్చినట్టే. కిగాలీ ఒప్పందం ప్రకారం ఈ జాతి గ్యాసుల వాడకాన్ని భారత్ 2032 నుంచి దశలవారీగా తగ్గించాలి.

మరమ్మతయ్యాక గ్యాస్‌ను గేజీ చూసి అంచనాగా కొట్టించకండి. ఎన్ని గ్రాములో సాధారణంగా బానెట్ కింది స్టిక్కర్ మీదే ఉంటుంది. తూకం వేసి ఎక్కించమనండి. తక్కువైతే ఆయిల్ సరిగా తిరగక కంప్రెసర్ పట్టేస్తుంది.