లంఖణం కుందేలుకు ఔషధం కాదు

మే నెలలో ఒక సాయంత్రం విజయవాడలోని ఇంటికి చేరేసరికి మా అమ్మాయి వంటగది మూలన నేలమీద కూర్చొని ఉంది. ఎదురుగా రెండేళ్ల తెల్ల కుందేలు, దాని ముందు వాడిపోతున్న కొత్తిమీర. "నాన్నా, పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదు" అంది. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజు అది. పశువుల మధ్య పెరిగిన నేను తడుముకోకుండా, "ఎండకు వడలింది. లంఖణం పరమౌషధం, ఒక పూట పస్తుంటే అదే సర్దుకుంటుంది" అన్నాను. అమ్మాయి మాట్లాడకుండా బోను కింది పళ్లెం చూపింది. రోజూ శనగగింజలంత ఉండే పెంటికలు ఆ రోజు మిరియాలంతే ఉన్నాయి, అవీ నాలుగైదే. అయినా, పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్లు అరగంట వాదించి, ఆపైన పశువైద్యునికి ఫోను చేశాను. "రేపు కాదు, ఇప్పుడే తీసుకురండి" అన్నారాయన.

నా పొరపాటు ఆవును చూసిన కంటితో కుందేలును చూడడం. ఆవు పొట్టలో మేత నిల్వ ఉండి నెమరుకు వస్తుంది. కుందేలు నెమరువేయదు. దాని మేత పులిసేది చిన్నపేగు చివర ఉన్న అంధనాళంలో. అక్కడ తయారైన మెత్తని పెంటికలను అది తిరిగి తిని పోషకాలు పొందుతుంది. పేగుల కదలిక నిలిచేది ముతక పీచు నిరంతరం లోపలికి వెళ్తుంటేనే. మేత ఆగితే కదలిక మందగిస్తుంది, లోపలి పదార్థం నీరు కోల్పోయి గట్టిపడుతుంది, వాయువు చేరి నొప్పి పుడుతుంది. నొప్పి వల్ల అది ఇంకా తినదు. కుందేలు వాంతి కూడా చేసుకోలేదు. అందుకే 10–12 గంటలు మేత ముట్టకపోతే అత్యవసర స్థితిగానే భావించాలి.

మేత మానడం చాలాసార్లు మరొక బాధకు లక్షణం. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు నమిలి అరగకపోతే దవడపళ్లు మొనదేలి నాలుకను, బుగ్గను గాయపరుస్తాయి. 30 డిగ్రీలు దాటిన వేడి, కుక్క వల్ల బెదురు, మేతలో హఠాత్తు మార్పు, నీటి కొరత కూడా కారణాలే. మా కుందేలుకు దవడపళ్ల మొనలు కనిపించాయి. పేగులో అడ్డంకి లేదని నిర్ధారించుకున్నాకే వైద్యుడు చర్మం కింద ద్రవాలు, నొప్పి నివారణ మందు ఇచ్చి, మెత్తని మేతను సిరంజితో పట్టించారు. తర్వాత పళ్లను అరగదీశారు. ఆయన అడిగిన ఒక ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు: "ఏ గడ్డి పెడుతున్నారు?" క్యారెట్, క్యాబేజీ, గుళికల దాణా, అప్పుడప్పుడు బిస్కెట్టు. పశుగ్రాసాల పాఠం ఏళ్ల తరబడి చెప్పిన నా ఇంట్లో గడ్డి లేదు!

కృష్ణా డెల్టాలో గడ్డికి కరువేమిటి? వరిగడ్డి పరుపుగా పనికివస్తుంది గాని, మాంసకృత్తులు 3–4 శాతమే కాబట్టి ప్రధాన మేత కాజాలదు. గట్లమీది గరికను కోసి నీడలో ఆరబెడితే చక్కని మేత. వరి తర్వాత చల్లే పిల్లిపెసర ఎండు మేత కూడా మంచిదే. అయితే పప్పుజాతి మేతల్లో సున్నం ఎక్కువ కనుక ఎదిగిన కుందేలుకు గరికలో కొద్దిగా కలిపితే చాలు. మందు చల్లిన మడి గట్టు గడ్డి వద్దు. వరిలో కాండం తొలిచే పురుగుకు వాడే ఫిప్రోనిల్ కుక్కల పిడుదుల మందుల్లోనూ ఉంటుంది. దానిని కుందేలుకు ఎన్నడూ పూయరాదు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిల్లిన్ నోటిద్వారా ఇస్తే పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు దెబ్బతిని ప్రాణం పోవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇలాంటి ఫోను వస్తే "రేపు చూద్దాం" అనకండి. చివరిసారి ఎప్పుడు తిన్నది, పెంటికలు ఎప్పుడు వేసింది, పళ్లు కొరుకుతూ ముడుచుకొని కూర్చున్నదా అని అడగండి. మన ప్రాంతం వారికి గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది.

మూడో రోజు తెల్లవారుజామున అమ్మాయి నన్ను తట్టి లేపింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో శనగగింజలంత పెంటికలు. ఇప్పుడు మా మేడమీద గుడ్డకప్పిన నులకమంచంపై గరిక ఆరుతోంది. "ప్రొఫెసరుగారు ఆవును కొన్నారా?" అని పక్కింటివారు అడుగుతున్నారు.