చేపల మేతలో పప్పన్నం సూత్రం

పప్పు, అన్నం కలిపి తినడం మనకు తరతరాల ఆచారం. దీని వెనుక చక్కని రసాయనశాస్త్రం ఉన్నది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాల గొలుసులు. బియ్యంలో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో సమృద్ధి. పప్పులో మెథియోనిన్ తక్కువ. ఆ కొరతను బియ్యం తీరుస్తుంది. చేపల పెంపకంలో నేడు ఎదురవుతున్న ఒక పెద్ద సమస్యకు ఈ సూత్రమే దారి చూపుతున్నది.

కొల్లేటి పరిసరాల చెరువులలో బొచ్చె, శీలావతి చేపలు ప్రధానంగా తవుడు, నూనెగింజల చెక్కలతో పెరుగుతాయి. మాంసాహారి అయిన సాల్మన్ చేపకు గాని, వనామీ రొయ్యకు గాని అవి చాలవు. వాటి మేతకు చిరకాలంగా ఆధారం చేపపొడి. సముద్రపు చిన్న చేపలను ఉడికించి, పిండి, ఎండబెట్టి దీనిని తయారుచేస్తారు. ఇందులో మాంసకృత్తులు సుమారు 65 శాతం. అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ తగిన పాళ్ళలో ఉంటాయి.

చేపపొడికి ముఖ్యమైన ముడిసరుకు పెరూ తీరంలోని ఆంకోవెటా చేప. ఎల్ నినో వల్ల సముద్రజలం వేడెక్కితే ఇది తగ్గిపోతుంది. 1972-73లో అక్కడి వేట కుప్పకూలింది. 2023లో ప్రధాన ప్రాంతపు తొలి వేట సీజనునే ప్రభుత్వం రద్దుచేసింది. చేపపొడి ధర పెరిగితే ఆ భారం భీమవరం రొయ్యల రైతు వరకు చేరుతుంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే. పైగా, మనుషులు తినదగిన చేపలను చేపలకే మేపడం ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న ఉండనే ఉన్నది.

ప్రత్యామ్నాయాలలో మొదటిది సోయా చెక్క. దీనిలో మాంసకృత్తులు 45 శాతం దాకా ఉన్నా మెథియోనిన్ తక్కువ. జీర్ణక్రియకు అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు వేడికి నశిస్తాయి. భాస్వరాన్ని పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం మాత్రం వేడికి లొంగదు. దానిని విడగొట్టడానికి ఫైటేజ్ అనే ఎంజైమును కలుపుతారు. సోయా ఎక్కువైతే సాల్మన్ పేగు వాస్తుంది. అందుకు ముఖ్యకారణమైన సాపోనిన్లను ఆల్కహాలుతో కడిగి తొలగిస్తారు.

రెండవది బ్లాక్ సోల్జర్ ఈగ పురుగులు. ఆహార వ్యర్థాలపై పెరిగే ఈ పురుగుల ఎండు బరువులో సుమారు 40 శాతం మాంసకృత్తులే. చేపల మేతలో పురుగుల మాంసకృత్తుల వాడకానికి ఐరోపా సమాఖ్య 2017లో అనుమతి ఇచ్చింది.

మూడవది మిథేన్ వాయువుపై పెరిగే బాక్టీరియా. వీటి ఎండు బరువులో మాంసకృత్తులు సుమారు 70 శాతం. వీటిలో అధికంగా ఉండే న్యూక్లియిక్ ఆమ్లాలు మన శరీరంలో యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. చేపల కాలేయంలో దానిని విచ్ఛిన్నం చేసే యూరికేజ్ ఎంజైము ఉన్నందున వాటికి ఆ ఇబ్బంది లేదు.

వీటిలో ఏ ఒక్కటీ చేపపొడికి పూర్తిగా సాటి రాదు. అయినా ఒకదాని లోపాన్ని మరొకటి పూరించేలా కలిపి, కొరవడిన మెథియోనిన్‌ను విడిగా చేర్చితే ఫలితం లభిస్తుంది. నార్వే సాల్మన్ మేతలో 1990లో సుమారు 65 శాతం ఉన్న చేపపొడి 2013 నాటికి 18 శాతానికి తగ్గడమే ఇందుకు నిదర్శనం.

చేపకు కావలసినది చేపపొడి కాదు, తగిన పాళ్ళలో అమైనో ఆమ్లాలు. వాటిని ఎక్కడనుంచి తెచ్చినా సముద్రంపై భారం కొంత తగ్గినట్లే. పప్పును, అన్నాన్ని ఒకే విస్తరిలో కలిపిన మన పెద్దలకు ఈ కిటుకు ఏనాడో తెలుసు.