మూత్రాశయ శస్త్రచికిత్స పిమ్మట నేమి యగును?



చెన్నై–కలకత్తా రాజమార్గమును, హైదరాబాదు–మచిలీపట్నము మార్గమును బెజవాడలో కలిసికొను చోటికి బెంజ్ సర్కిల్ అని పేరు. గుడివాడ, ఉయ్యూరు, బందరు ప్రాంతములనుండి చేతిసంచియు, వైద్యుల కాగితముల కట్టయు పట్టుకొని వచ్చువారనేకులు ఇచ్చట బస్సు దిగి చుట్టుప్రక్కల వైద్యశాలలకు పోవుదురు. వారిలో మూత్రాశయపు క్యాన్సరునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారును గలరు. వెంటవచ్చిన యిల్లాండ్ర మనస్సున నొక్కటే ప్రశ్న: "కోత యైనది, ఇక నేమగును?" వైద్యశాస్త్ర మీ ప్రశ్నకెట్లు బదులు చెప్పునో, ఆ బదులును మన మెట్లు గ్రహింపవలయునో యిందు వివరింప దలచితిమి.

రోగగతిని ముందుగా నెన్నుట మనకు క్రొత్త గాదు. చరకసంహిత సూత్రస్థానమున రోగములు సుఖసాధ్యములు, కృచ్ఛ్రసాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని నాలుగు తెఱగులుగా విభజింపబడినవి. యాప్యమనగా పూర్తిగా పోకున్నను పథ్యౌషధములచే నదుపులో నుండునది. నేటి వైద్యులును నీ విభాగమునే చేయుచున్నారు. భేద మేమన, వారు వేలకొలది రోగుల చరిత్రలను గుణించి యంకెలతో చెప్పుదురు.

ఆ గణనకు మొదటి ప్రమాణము లోతు. మూత్రాశయపు గోడ పొరలు పొరలుగా నుండును. లోపల సన్నని పొర, దాని క్రింద మెత్తని పొర, ఆపై కండరము, దానికి వెలుపల క్రొవ్వు. 1946లో అమెరికాయందు జూయెట్, స్ట్రాంగ్ అను వైద్యు లీ వ్యాధిగల 107 మంది మృతదేహములను పరీక్షించి, వ్రణము గోడలో నెంత లోతునకు దిగినచో నితరావయవములకు వ్యాపించుట యంత యధికమని చూపిరి. నేటికిని వైద్యుడు బయాప్సీ కాగితమున మొట్టమొదట వెదకునది యిదియే: కండరము చెడినదా, చెడలేదా?

కండరము చెడనియెడల మూత్రమార్గము గుండ సాధనమును పంపి వ్రణమును గీకివేయుదురు. ఇట్టి 2,596 మంది చరిత్రలను పరిశీలించి 2006లో ఐరోపా పరిశోధకులు పట్టికలు కట్టిరి. వ్రణములెన్ని, వాని పరిమాణమెంత, పూర్వమెన్నిమార్లు వచ్చినవి, ఎంత లోతు, కణముల తీవ్రత యెట్టిది, ప్రక్కపొరలో చదునుగా వ్యాపించు జాతి కలదా — ఈ యాఱింటిని గూర్చి లెక్క వేయుదురు. అయిదేండ్లలో వ్యాధి మరల పుట్టుట తేలికవారిలో నూటికి 31, కఠినమైనవారిలో 78. ముదిరి కండరములోనికి దిగుట మాత్రము తేలికవారిలో నూటికి ఒకటికంటె తక్కువ, కఠినమైనవారిలో 45. చూచితిరా! మరల పుట్టుట వేఱు, ముదురుట వేఱు. మరల వచ్చినదని వినినంతనే సర్వము ముగిసినదని విలపింప బనిలేదు.

కండరము చెడినచో మూత్రాశయమునే తీసివేయుదురు. అట్లు చేయించుకొన్న 1,054 మంది చరిత్ర 2001లో కాలిఫోర్నియానుండి ప్రకటింపబడెను. వ్యాధి మరల రాకుండ అయిదేండ్లు గడపినవారు నూటికి 68. పదియేండ్లు గడపినవారు 66. అనగా తొలి యయిదేండ్లు దాటినచో పిదప భయము మిక్కిలి స్వల్పము. వ్యాధి కండరపు లోపలి సగముతోనే యాగి, శోషరస గ్రంథులకు సోకనివారిలో 89 మందియు, గ్రంథులకు సోకినవారిలో 35 మందియు అయిదేండ్లు నిర్వ్యాధులై యుండిరి.

ఇక నీ యంకెల యర్థ మేమి? నూటికి 35 అనినపుడు మన యింటివారు ఆ 35 మందిలోనివారో, తక్కినవారిలోనివారో యంకె చెప్పజాలదు. ప్రకాశం బరాజు కడ నీరు 3.97 లక్షల క్యూసెక్కు లైనపుడు మొదటి హెచ్చరికయు, 5.69 లక్షలైనపుడు రెండవ హెచ్చరికయు చాటుదురు. ఆ చాటింపు వరద నాపదు. ఏ యిల్లు మునుగునో పేరుపెట్టి చెప్పదు. కాని ధాన్యమును అటకపై కెక్కించుకొను వ్యవధి నిచ్చును. వైద్యుని యంకెయు నట్టిదే.

అంకెలు మార్పులేనివియు గావు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధనశాలనుండి వెలువడిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. దానితో గూడిన నాలుగు మందులను ముందుగా నిచ్చి పిదప మూత్రాశయమును తీసినవారిలో సగముమంది 77 నెలలకుపైగా జీవించిరనియు, కోత మాత్రమే పొందినవారిలో నా కాలము 46 నెలలనియు 2003లో ప్రకటింపబడెను. ఆ పరదేశపు లెక్కలో మన డెల్టా బిడ్డ చేతిపనియు గలదు.

ఇట నొక యనుచితమైన యాచారమును పేర్కొనక తప్పదు. పెక్కిండ్లలో వైద్యుని మాట మగవారు విని, "ఆడువారు తట్టుకొనలేరు" అని యిల్లాలికి దాతురు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి — ఈ నలుగురును చికిత్సకు పాదములని చరకుడు చెప్పెను. ఇంట పరిచర్య చేయునది మనమే కదా! పాదమునకు త్రోవ తెలుపక నడువుమనుట న్యాయమా? మే మెఱిగిన దివిసీమ గృహిణి యొకతె మూడవనెల పరీక్ష తప్పరాదని వైద్యునినోట వినియుండెను. కోతల కాలము, ఒంట బాధ లేదు, తరువాత చూతమని భర్త యనినను, ఆమె పంచాంగమున గుర్తుపెట్టుకొన్న దినమున నాతని తోడ్కొని పోయెను. చిన్న వ్రణ మొకటి మరల కనబడెను. లోతునకు దిగకముందే తీసివేయబడెను.

కావున శస్త్రచికిత్స యైన వెంటనే యడుగవలసినవి: కండరము చెడినదా? కణముల తీవ్రత యెంత? గ్రంథులకు సోకినదా? మరల పరీక్ష యెపుడు? ఈ వ్యాధికి పొగాకు ముఖ్యకారణము గనుక, కోత పిమ్మట చుట్టయు సిగరెట్టును గడప లోపలికి రానీయరాదు.

మన సంగతియు మఱువకుడు. ఈ వ్యాధి పురుషులలో మూడునాలుగింతలు హెచ్చు. ఐనను స్త్రీలలో మూత్రమున రక్తము కనబడినచో ముట్టనియో, మూత్రపు మంటయనియో యుపేక్షించుటచే తఱచుగ నాలస్యముగా బయల్పడును. నొప్పిలేని రక్తము ఒక్కమారు కనబడినను బిడియము విడిచి వైద్యునికి చెప్పుడు. లోతే సర్వమునకు మూలమని యెఱిగినపిదప, ఒక్క దినమైనను దాచుట మనకు తగదు.