మూడు పులులు - నాలుగు పులులు

చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ ఆటల్లో ఒకే వరసకు చెందిన రెండింటిని పక్కపక్కన పెట్టుకుని, ఏది గొప్పదని పిల్లలు గంటలకొద్దీ వాదించుకోవటం కద్దు. అటువంటి వాదానికి పనికివచ్చే అన్నదమ్ముల జంట మరొకటి ఉన్నది. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. ఒక సుద్దముక్క, గుప్పెడు చింతగింజలు, నాలుగు గులకరాళ్ళు ఉంటే చాలు. అన్నీ జేబులో పడతాయి.

ఇందులో మొదటిది మన పులిజూదం. పులి-మేక ఆట అని కూడా అంటారు. పేరులో జూదం ఉన్నదే గాని, పాచికలు లేవు, పందెం లేదు, అంతా బుద్ధిబలమే. మదనపల్లె, పుంగనూరుల నుంచి కుప్పం దాకా వెళ్ళారంటే మూడు రాష్ట్రాలు కలిసే చోటికి చేరుతారు. అక్కడ తమిళులు దీన్ని "ఆడు పులి ఆట్టం" అంటారు, కన్నడిగులు "ఆడు హులి ఆట" అంటారు. "ఆడు" అంటే ఆడమని కాదు సుమా! ఆ రెండు భాషల్లోనూ ఆడు అంటే మేకే. మన పులి కన్నడంలో హులి అయింది. మూడు భాషలవారూ ఒకే బండమీద కూచుని ఈ ఆట ఆడవచ్చు.

ముందు పటం గీయండి. ఒక శిఖరం నుంచి నాలుగు గీతలు కిందికి దించి, వాటి అడుగులను ఒక గీతతో కలపండి. మధ్యలో మూడు అడ్డగీతలు, రెండు పక్కలా కాస్త బయటికి వచ్చేటట్టు గీసి, వాటి కొసలను నిలువుగా కలపండి. గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టండి: శిఖరం 1, అడ్డగీతల మీద 18, అడుగున 4, మొత్తం 23.

పులులు 3, మేకలు 15. మేకలవాడు ఒక్కొక్క మేకనే పెడుతూంటే, పులులవాడు ఒక్కొక్క ఎత్తు వేస్తాడు. పక్కనున్న మేక మీదుగా తిన్నగా దూకి అవతలి ఖాళీ చోట దిగితే పులి ఆ మేకను తిన్నట్టు. మేకలన్నీ పటం మీదికి వచ్చినాకనే అవి కదులుతాయి. పులులన్నీ కదలలేకుండా బంధింపబడితే మేకలవాడిదే గెలుపు.

రెండోది నేపాల్‌వారి బాఘ్‌చాల్. బాఘ్ అంటే పులి, చాల్ అంటే ఎత్తు. పద్ధతి ఇదే, పటం మాత్రం చతురస్రం. వరసకు 5 చొప్పున 25 చోట్లు, నడుమ ఐమూల గీతలు. నాలుగు మూలలా 4 పులులు, మేకలు 20. పులులు 5 మేకలను తింటే ఆట అయిపోయినట్టే.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక్క మేకా చావకుండా అన్నీ పటం మీదికి వస్తే, పులిజూదంలో 5 చోట్లు ఖాళీగా ఉంటాయి. బాఘ్‌చాల్‌లో ఒకే ఒక్కటి! అయితే నేపాల్ పులికి దారులెక్కువ. నట్టనడిమి చోటి నుంచి ఎనిమిది దిక్కులా పోవచ్చు. మన పటంలో ఏ చోటి నుంచీ నాలుగు దారులకు మించి లేవు. అడుగుగీత కొసన చిక్కిన మన పులికి రెండే దారులు. ఒక్కొక్క దారిలో ఒకదాని వెనక ఒకటిగా రెండేసి మేకలు నిలబడితే, అంటే నాలుగు మేకలతో, దాని పని సరి. నేపాల్‌లో మూలనున్న పులిని కట్టివేయాలంటే ఆరు మేకలు కావాలి. మరో కిటుకు: మూలను పట్టిన మేకను ఏ పులీ తినలేదు, ఎందుకంటే దాని అవతల దిగటానికి చోటే లేదు.

బలాలు ఇంత తేడాగా ఉంటే ఎవరు గెలవాలి? లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్‌గెల్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బాఘ్‌చాల్‌ను కంప్యూటర్ చేత శోధింపజేశారు. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరని తేలింది. 2009లో వెలువడిన ఒక గ్రంథంలో ఆ వ్యాసం ఉన్నది. అంటే, ఓడినవాడు "నాకు మేకలు వచ్చాయి, అందుకే" అని తప్పించుకోవటానికి వీల్లేదన్నమాట!

కొత్తగా నేర్చేవారికి పులిజూదమే మేలని నా అభిప్రాయం. ఆట త్వరగా తెములుతుంది. చేయి తిరిగినాక బాఘ్‌చాల్ పట్టండి.

ఇటువంటి పటాలు హంపి మండపాల నేలమీద చెక్కి ఉన్నాయి. పశువులు కాసేవారు ఊరి బండలమీద కూడా గీసుకునేవారు. కాని కుప్పం గ్రానైటుకు గిరాకీ ఎక్కువ. బండ పలకలుగా కోసుకుపోతే దానిమీది పటమూ పోతుంది. ఎక్కడైనా పాత పటం కనిపిస్తే కాగితం మీదికి దింపుకుని, ఊళ్ళో తాతలనూ అవ్వలనూ అడిగి నియమాలు రాసుకోండి. పులులు మొదట ఏ చోట నిలవాలి, ఎన్ని మేకలు పోతే ఓటమి - ఈ రెండూ ఊరూరికీ మారుతాయి గనక, ముందు అవే అడగండి.