మీకు తెలుసా? తుపాను పేరు పోయాకే జగర్గుండాకు వస్తుంది

● హరికేన్, టైఫూన్, మన తుపాను... మూడింటి పుట్టుకా ఒక్కటే. వెచ్చని సముద్రం మీద లేచే ఆవిరే వాటికి బలం. అట్లాంటిక్‌లోనూ ఈశాన్య పసిఫిక్‌లోనూ లేస్తే హరికేన్, వాయవ్య పసిఫిక్‌లో టైఫూన్, బంగాళాఖాతంలో తుపాను. 1994లో ‘జాన్’ అనే హరికేన్ పసిఫిక్ నడుమనున్న అంతర్జాతీయ దినరేఖ దాటి టైఫూన్ అయింది. మళ్లీ వెనక్కి తిరిగి హరికేన్ అనిపించుకుంది. సరిహద్దు మనుషులదే మరి!

● గాలి గంటకు 63 కిలోమీటర్లకు చేరితే మన వాతావరణ శాఖ ‘తుపాను’ అంటుంది. హరికేన్ అనిపించుకోవాలంటే 119 కావాలి. అంతమాత్రాన మనవి చిన్నవి కావు. 1977 నవంబరు 19న దివిసీమలో వేల ప్రాణాలు తీసిన ఉప్పెన అలాంటి తుపానుదే.

● 2014 అక్టోబరు 12న విశాఖను చీల్చి చెండాడిన హుద్‌హుద్ తుపాను గాలి వేగమెంత? మన వాతావరణ శాఖ లెక్కలో గంటకు 185 కిలోమీటర్లు, అమెరికా నౌకాదళ కేంద్రం లెక్కలో 215. ఇద్దరిదీ తప్పు కాదు. మనవాళ్లు మూడు నిమిషాల సగటు తీస్తారు, వాళ్లు ఒక్క నిమిషానిదే. ఏ దేశం తుపాను పెద్దదని పందెం వేసుకునేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

● 1979 నాటి ‘టిప్’ టైఫూన్ అడ్డకొలత దాదాపు 2,200 కిలోమీటర్లు. దాని నడిబొడ్డును ఛత్తీస్‌గఢ్‌లోని జగర్గుండా అనే ఊరి మీద పెడితే అంచులు అటు ముంబయినీ ఇటు కోల్‌కతానూ దాటిపోతాయి.

● సుక్మా జిల్లాలోని జగర్గుండా మన తీరానికి సుమారు 200 కిలోమీటర్ల దూరం. ఉప్పెన భయం లేదు. నేల మీదికొచ్చిన తుపానుకు సముద్రపు ఆవిరి అందదు, కొండలూ అడవులూ గాలిని నిలవరిస్తాయి. ఈ ఊరున్న బస్తర్ చేరేసరికి అది చాలాసార్లు వాయుగుండమో, అల్పపీడనమో అయి ఉంటుంది. వార్తల్లో ‘బలహీనపడింది’ అంటారు. నన్నడిగితే ఆ మాట లోతట్టు ఊళ్లకు సగమే నిజం. గాలి తగ్గుతుంది గానీ మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడో ఒకచోట కురవాల్సిందే. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే తుపాన్లయితే సరిగ్గా వరి కోతల వేళకు దిగుతాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు మునిగింది సముద్రం ఊసే లేని వరంగల్, హనుమకొండ!

● వేసవిలో ఉరుములు మెరుపులతో అడవిని ఊపేసే గాలివాన వేరే జాతి. దానికి సముద్రం మీద పుట్టాల్సిన పని లేదు, ఎండకు కాగిన నేలా, కాస్త తేమా చాలు. గంటా రెండు గంటల్లో సద్దుమణుగుతుంది.

● తుపాను వాయుగుండంగా మారినా కథ ముగిసినట్టు కాదు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ దక్షిణ ఛత్తీస్‌గఢ్, తెలంగాణల మీదుగా దేశం అడ్డంగా నడిచి అరేబియా సముద్రంలోకి దిగింది. అక్కడ మళ్లీ బలం పుంజుకుని, షహీన్ అన్న కొత్త పేరుతో అక్టోబరు 3న ఒమన్‌ను తాకింది.

● జగర్గుండాకు పడమట బాసగూడ ఊరిని ఆనుకుని పారే తాలిపేరు నది దిగువన తెలంగాణలోకి వస్తుంది. అందుకే ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గట్టిగా కురిస్తే, ఇక్కడ చినుకు పడకపోయినా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల దగ్గరి తాలిపేరు ప్రాజెక్టు గేట్లు ఎత్తాల్సి వస్తుంది. ఆ నీళ్లు అక్కడి నుంచి గోదావరిలో కలుస్తాయి.